పెళ్ళి ఖర్చు తేలేది మాటల నాడే

తక్కువ ఖర్చులో పెళ్ళి చెయ్యాలనుకున్న ఇల్లు సాధారణంగా బజారు నుంచి మొదలుపెడుతుంది. శుభలేఖలు ఎక్కడ చవక, పూలు ఎవరు తక్కువకి కడతారు, చీరలకి విశాఖ వెళ్ళాలా, ఇక్కడే కొనాలా అని నెల రోజులు తిరిగి ఇరవై వేలో ముప్ఫై వేలో మిగిలిస్తారు. అంతకు ముందే, తాంబూలాలు పుచ్చుకున్న నాడు ఎవరూ అడగని ఒక్క ప్రశ్న వల్ల లక్ష, లక్షన్నర పోయి ఉంటుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మామూలు రైతు ఇంట్లో, చిన్న ఉద్యోగి ఇంట్లో, వలస కూలి ఇంట్లో జరిగే పెళ్ళి లెక్క విప్పి చూస్తే పెద్ద అంకెలన్నీ నాలుగు చోట్లే ఉంటాయి. ఎంతమంది తింటారు, ఎన్ని పూటలు తింటారు, బంగారం ఎంత, అప్పు ఎంత. రెండు వైపుల పెద్దలూ కూర్చుని మాట్లాడుకున్న ఆ గంటలోనే ఈ నాలుగూ చాలావరకు ఖాయమైపోతాయి. బజార్లో తగ్గించగలిగేది మిగిలిన చిల్లర మాత్రమే.

ఆ గంటలో ఏం జరుగుతుందో చూడాలి. పెట్టుపోతల మాట వస్తుంది, ముహూర్తం మాట వస్తుంది, పెళ్ళి ఎవరి ఇంట అన్న మాట వస్తుంది. మగపెళ్ళివారు ఎంతమంది వస్తారన్న మాట మాత్రం గట్టిగా ఎవరూ ఎత్తరు. ఎత్తినా "మనోళ్ళు వత్తారు బావగారూ, దానికి లెక్కేటి పెడతాం" అంటారు వియ్యంకులు. మర్యాదకి ఆ మాట అక్కడితో ఆగిపోతుంది. పెళ్ళినాడు ఒక బస్సు అనుకున్నది రెండు బస్సులు, నాలుగు కార్లు అవుతుంది. ఆడపిల్ల తండ్రి అప్పుడు చెయ్యగలిగింది ఏమీ లేదు. ఇంకో యాభై కిలోల బియ్యం తెప్పించడమే.

కాబట్టి తక్కువలో పెళ్ళి చెయ్యాలంటే మొదట నేర్చుకోవలసింది ఆ గంటలో నోరు విప్పడం. ఇది అమర్యాద ఏమీ కాదు. "మీ వైపు నూట యాభై మంది అనుకుంటున్నాం బావగారూ, ఆ మేరకు ఏర్పాటు చేస్తాం" అని ముందే చెప్పిన మాటకి ఎవరూ నొచ్చుకోరు. పెళ్ళినాడు భోజనాలు చాలకపోతే మాత్రం పదేళ్ళ వరకు చెప్పుకుంటారు.

ఇక పూటల లెక్క. "అయిదు వందల మందికి పెళ్ళి" అని అనుకోవడంలోనే లెక్క తప్పుతుంది. తినేది మనుషులే అయినా ఖర్చయ్యేది విస్తళ్ళ లెక్కన. ఒక ఉదాహరణ వేసి చూద్దాం. ధరలు ఊరిని బట్టి మారతాయి, ఇక్కడ లెక్క అర్థం కావడానికి భోజనం 220 రూపాయలు, టిఫిను 60 రూపాయలు అనుకుందాం. ఊరివాళ్ళు 250, సొంత బంధువులు 150, మగపెళ్ళివారు 150, మొత్తం 550 మంది. ముహూర్తం రాత్రి తెల్లవారితే అని పెట్టారు. మధ్యాహ్నానికే దిగిన బంధువులకి భోజనం 150, సాయంత్రం విడిదిలో మగపెళ్ళివారికి టిఫిను 150, రాత్రి అందరికీ భోజనం 550, తెల్లారి ఉండిపోయిన 200 మందికి టిఫిను, మళ్ళీ మధ్యాహ్నం వాళ్ళకే భోజనం 200. భోజనాలు 900, టిఫిన్లు 350. ఖర్చు 2,19,000 రూపాయలు.

ఇప్పుడు అదే 550 మంది, ముహూర్తం పగలు పదకొండు గంటలకి. ముందు రోజు రాత్రి దగ్గరి బంధువులు ఓ వంద మందికి భోజనం, పొద్దున్న రెండు వైపుల 300 మందికి టిఫిను, మధ్యాహ్నం 550 మందికి పెళ్ళి భోజనం. సాయంత్రానికి బస్సులు బయల్దేరిపోతాయి. ఖర్చు 1,61,000. ఒక్క మనిషిని పిలవడం మానకుండా, ఒక్క వంటకం తగ్గించకుండా 58,000 మిగిలింది. దీనికి తోడు విడిది గదులు, రాత్రంతా నడిచే జనరేటరు, లైట్ల సెట్టింగు కూడా తగ్గుతాయి. రాత్రి ముహూర్తమే బలమైనదని సిద్ధాంతి గారు చెప్తే, పగటి ముహూర్తాల్లో ఏది బాగుందో కూడా అడగాలి. అడిగితే చూసి చెప్తారు. మన వైపు ఆ ప్రశ్న అడగకుండానే రాత్రి ముహూర్తానికి ఒప్పేసుకోవడం అలవాటైపోయింది, అంతే.

ముహూర్తం గురించి ఇంకొక సంగతి ఉంది. ఆషాఢం, భాద్రపదం, పుష్యం పోగా, మూఢం పోగా మిగిలే మంచి రోజులు కొద్ది. అందులోనూ అందరూ మెచ్చిన రోజు ఒకటో రెండో ఉంటాయి. ఆ రోజున శ్రీకాకుళంలో, రాజాంలో, బొబ్బిలిలో కల్యాణ మండపాలు దొరకవు. వంట మేస్త్రి ఒకే రోజు మూడు పెళ్ళిళ్ళు ఒప్పుకుని మీ పెళ్ళికి శిష్యుణ్ణి పంపిస్తాడు. సన్నాయి మేళం, కెమెరా, కారు, అన్నీ అడిగిన ధరకే. అదే మాసంలో కాస్త రద్దీ తక్కువున్న ముహూర్తం ఎంచుకుంటే ఇవే మనుషులు బేరానికి వస్తారు, పైగా మేస్త్రి తనే వస్తాడు.

ఈ రెండు జిల్లాలకి పెళ్ళిళ్ళ కాలం పంచాంగంతో పాటు వలస మీద కూడా ఆధారపడి ఉంటుంది. హైదరాబాదు, చెన్నై, విజయవాడ పనులకి వెళ్ళినవాళ్ళు సంక్రాంతికీ, వేసవికీ ఇళ్ళకి చేరతారు. తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. మత్స్యకారులు ఆ రోజుల్లో ఊళ్ళోనే ఉంటారు. అందుకే వైశాఖంలో ఎచ్చెర్ల నుంచి ఇచ్ఛాపురం దాకా తీర గ్రామాల్లో పందిళ్ళు వరసగా లేస్తాయి. మనుషులు ఊళ్ళో ఉన్నప్పుడే పెళ్ళి చెయ్యడం సబబే. మరోసారి సెలవు పెట్టి రైలు టిక్కెట్లు కొని రావడం వాళ్ళకీ ఖర్చే. ఎండల్లో చేస్తున్నప్పుడు మాత్రం నీడకీ, మంచినీళ్ళకీ, మజ్జిగకీ డబ్బు విడిగా పెట్టుకోవాలి. కార్తీక మాసం పెళ్ళికి ఇంకో జాగ్రత్త అవసరం. 2014లో హుద్‌హుద్ అక్టోబర్ 12న, 2018లో తిత్లీ అక్టోబర్ 11న ఈ తీరాన్ని కొట్టాయి. తిత్లీకి పలాస, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి, జీడి తోటలే నేలమట్టమయ్యాయి. అక్టోబర్, నవంబర్ నెలల్లో ఆరుబయట షామియానా నమ్ముకున్నవాళ్ళు పక్కనే ఒక బడి వరండానో, సామాజిక భవనమో అడిగి ఉంచుకోవడం మంచిది. అడ్వాన్సు ఇచ్చేటప్పుడే తుపాను వస్తే తేదీ మార్చుకునే మాట కూడా రాయించుకోవాలి.

భోజనం ఎక్కడ తగ్గించాలన్నది చాలామందిని తికమక పెడుతుంది. పిలిచిన మనిషికి పెట్టే విస్తరిలో తగ్గించకూడదు. విస్తళ్ళ సంఖ్యలో తగ్గించాలి. ఊరందరినీ పిలవవలసిన చోట ఇంటిల్లిపాదినీ పిలిచే ఇళ్ళు ఏవి, ఇంటికొకరిని పిలిచే ఇళ్ళు ఏవి అన్నది ముందే రాసుకోవాలి. పిలుపుకి వెళ్ళే మనిషికి ఆ చీటీ ఇచ్చి పంపాలి. నోటి మాట మీద వదిలేస్తే అన్ని ఇళ్ళకీ ఇంటిల్లిపాది పిలుపే వెళ్తుంది. వంటకాల విషయానికొస్తే పప్పు, పులిహోర, బూరె, ఒక వేపుడు, ఆవపెట్టిన పనసపొట్టు, గుమ్మడికాయ దప్పళం, అప్పడం, పెరుగు బాగా కుదిరితే ఎవరూ ఇంకేమీ అడగరు. రెండు స్వీట్లు, మూడు రకాల అన్నం, నూడుల్సు, ఐస్‌క్రీము పెట్టిన చోట విస్తరిలో వదిలేసేదే ఎక్కువ. కేటరింగు వాళ్ళు వంటకాల లెక్క మీద ధర పెంచుతారు కాబట్టి సగం మంది ముట్టని పది వంటకాలకి డబ్బు కడుతున్నట్టే. ఊళ్ళో ఇంకా సరుకులు మనమే తెచ్చి మేస్త్రితో వండించే పద్ధతి బతికే ఉంది. బియ్యం, పప్పులు, కూరగాయలు సొంత పొలంవో, తెలిసినవాళ్ళవో అయితే అదే చవక. ఆ పద్ధతిలో సరుకు దగ్గర ఒక నమ్మకమైన మనిషి కూర్చోవాలి. మేస్త్రి రాసిచ్చిన చీటీకి మించి నూనె, నెయ్యి, జీడిపప్పు ఎంత వెళ్తోందో చూడకపోతే మిగిలిందంతా అక్కడే పోతుంది.

బంగారం దగ్గర పరిస్థితి గత రెండేళ్ళలో పూర్తిగా మారిపోయింది. మాటల నాడు ఇప్పటికీ తులాల్లోనే ఒప్పుకుంటున్నారు. "అయిదు తులాలు పెడతాం" అంటారు, పెళ్ళి ఆరు నెలల తర్వాత. 2025 జనవరిలో పది గ్రాముల మేలిమి బంగారం సుమారు 80 వేలు. అదే ఏడు అక్టోబర్‌కి లక్షా పాతిక వేలు దాటింది. అయిదు తులాల 22 క్యారెట్ల నగకి ఆ తొమ్మిది నెలల్లో పెరిగిన ఖరీదు రెండు లక్షల పైమాటే, తరుగూ మజూరీ కాకుండా. మాట ఇచ్చిన తండ్రి అదే మనిషి, మాట అదే, చేతిలో డబ్బూ అదే. మధ్యలో ధర మాత్రమే కదిలింది, ఆ తేడా అప్పుగా మారింది. ఆడపిల్లకి ఏదైనా పెట్టాలనుకుంటే ఆ మాట రూపాయల్లో చెప్పడం ఇప్పుడు తప్పనిసరి. "రెండు లక్షల మేర నగ చేయిస్తాం" అంటే ధర ఎటు పోయినా ఇల్లు నిలబడుతుంది. తులాల్లోనే చెప్పక తప్పకపోతే, మాట అయిన వారంలోపే కొనెయ్యాలి.

కొనేటప్పుడు చూడవలసింది తరుగు. 10 శాతం తరుగంటే 50 గ్రాముల నగకి 5 గ్రాముల బంగారం ఖరీదు మనం ఇచ్చినట్టు. ఆ 5 గ్రాములు మన మెడలోకి రావు. నకిషీ పని, రాళ్ళు ఎక్కువయ్యే కొద్దీ తరుగు పెరుగుతుంది, రాళ్ళ బరువు తీసేసి తూచారా లేదా అన్నది ఇంకో ప్రశ్న. సాదా గొలుసు, సాదా గాజులు తక్కువ తరుగుతో వస్తాయి, రేపు అవసరానికి తాకట్టు పెట్టినా నష్టం తక్కువ. 2023 ఏప్రిల్ 1 నుంచి అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ గుర్తు (ప్రతి నగకీ విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఉన్న హాల్‌మార్క్ నగలే అమ్మాలి. దాంతో పాటు 3 శాతం జీఎస్టీ బిల్లు అడిగి తీసుకోవాలి. శ్రీకాకుళం జిల్లాలో బంగారం అనగానే నరసన్నపేట వెళ్తారు. అక్కడ పక్కపక్కనే దుకాణాలు ఉంటాయి కాబట్టి ఒకే నమూనాకి నాలుగు చోట్ల తరుగు అడిగి చూడటం ఒక పూట పని. అమ్మమ్మల, నాయనమ్మల పాత నగలుంటే కరిగించి చేయించడానికి మొహమాటపడనక్కర్లేదు. పుస్తెలు ఎలాగూ పుట్టింటివారిది ఒకటి, అత్తింటివారిది ఒకటి. ఆ రెండూ కాక మిగిలినదంతా స్తోమతును బట్టే.

ఇక్కడ కట్నం సంగతి పక్కన పెట్టి మాట్లాడితే ఈ వ్యాసానికి అర్థం ఉండదు. పూలలో, పందిరిలో మిగిల్చిన ప్రతి రూపాయినీ అది ఒక్క మాటతో మింగేస్తుంది. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం ఇవ్వడం, తీసుకోవడం రెండూ నేరమే. శిక్ష అయిదేళ్ళకు తగ్గని జైలు, పదిహేను వేలు లేదా కట్నం విలువ, రెండిట్లో ఏది ఎక్కువైతే అంత జరిమానా. చట్టం ఉండి కూడా మాటలు ఇంకా లాంఛనాల పేరుతో, బండి పేరుతో, ఆడపడుచు కట్నాల పేరుతో సాగుతున్నాయి. తక్కువలో పెళ్ళి చేద్దామని మనస్ఫూర్తిగా అనుకునే మగపిల్లాడి ఇల్లు చెయ్యగలిగిన అతి పెద్ద ఆదా ఇదే. ఏమీ అడగకపోవడం, ఆ సంగతి మొదటి రోజే నలుగురిలో చెప్పడం. పెళ్ళి ఖర్చు చెరిసగం పెట్టుకుందామన్న మాట మగపెళ్ళివారి నోటి నుంచి వచ్చిన చోట పెళ్ళి సంఖ్యలే మారిపోతున్నాయి. వాళ్ళ డబ్బు కూడా అందులో ఉంటే రెండో బస్సు గురించి వాళ్ళే ఆలోచిస్తారు.

అప్పు లెక్క చాలామంది పెళ్ళి అయ్యాక వేసుకుంటారు. ముందే వెయ్యాలి. ఊళ్ళో నూటికి రెండు రూపాయల వడ్డీకి మూడు లక్షలు తెస్తే నెలకి 6,000, ఏడాదికి 72,000. మూడేళ్ళు వడ్డీ మాత్రమే కడుతూ పోతే 2,16,000 పోయాక కూడా అసలు మూడు లక్షలూ అలాగే ఉంటుంది. మూడు రూపాయల వడ్డీ అయితే ఏడాదికి లక్షా ఎనిమిది వేలు. ఈ వడ్డీ కోసమే పెళ్ళైన నెలకి తండ్రో, అన్నో రైలెక్కి వెళ్ళిపోవడం ఈ జిల్లాల్లో కొత్తేమీ కాదు. కాబట్టి ఖర్చుకి హద్దు గీసుకునేటప్పుడు చేతిలో ఉన్నది, ఏడాదిలోపు తీర్చగలిగినది, ఈ రెండే కలపాలి. కంపెనీల్లో పనిచేసేవాళ్ళకి పెళ్ళి కోసం పీఎఫ్ సొమ్ములో కొంత తీసుకునే వీలుంది. డ్వాక్రా సంఘం ద్వారా వచ్చే బ్యాంకు రుణం ఊరి వడ్డీ కన్నా ఎంతో నయం. చిన్న ఆడపిల్లలున్న ఇళ్ళు 2015లో వచ్చిన సుకన్య సమృద్ధి ఖాతాని పదేళ్ళ వయసు లోపే తెరిస్తే, పద్దెనిమిది నిండాక పెళ్ళి అవసరానికి ఖాతా ముగించి సొమ్ము తీసుకోవచ్చు.

చదివింపులని ఆదాయంగా లెక్క కట్టడం ఇంకో పెద్ద పొరపాటు. పుస్తకంలో రాసుకున్న ప్రతి 500, ప్రతి 1,116 రేపు వాళ్ళింట్లో శుభకార్యానికి కొంచెం కలిపి తిరిగి ఇవ్వవలసినవే. వడ్డీ లేదు గానీ అదీ బాకీయే. పెళ్ళి మర్నాడు చదివింపుల డబ్బుతో కేటరింగు బాకీ తీర్చే పద్ధతి పెట్టుకుంటే, వచ్చే వేసవిలో పది పెళ్ళిళ్ళకి తిరిగి చదివించడానికి మళ్ళీ చెయ్యి చాచాలి. ప్రభుత్వ సాయం సంగతీ అంతే. 2018లో చంద్రన్న పెళ్ళికానుక, 2022 అక్టోబర్ నుంచి వైఎస్సార్ కల్యాణమస్తు, ప్రభుత్వం మారితే పేరూ నిబంధనలూ మారాయి. కల్యాణమస్తులో ఎస్సీ, ఎస్టీ వధువుకి లక్ష, బీసీకి 50 వేలు అన్నారు. వధూవరులిద్దరూ పదో తరగతి పాసై ఉండాలన్న షరతు దగ్గర చాలా ఇళ్ళు ఆగిపోయాయి. పైగా ఆ సొమ్ము పెళ్ళయ్యి, దరఖాస్తు పెట్టి, పరిశీలన ముగిశాక వచ్చేది. అమల్లో ఉన్న పథకం ఏదో ఊళ్ళోని సచివాలయంలో తప్పకుండా అడగాలి. పెళ్ళి లెక్కలో మాత్రం దానికి సున్నా వెయ్యాలి. వచ్చిన రోజున అప్పు తగ్గుతుంది.

చోటు విషయంలో ఇంటి ముందు పందిరిని మించిన చవక మార్గం ఊళ్ళో లేదు. రాట వేసిన నాటి నుంచి ఊరివాళ్ళు చెయ్యి వేసే అలవాటు ఇంకా ఉన్న చోట మరీను. పట్నంలో అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళకి కల్యాణ మండపం తప్పదు. అద్దె చెప్పినప్పుడు కరెంటు, డీజిలు, శుభ్రం చేసే కూలి, వంట పాత్రలు అందులో కలిసి ఉన్నాయా అని అడగాలి. చివరి బిల్లులో అద్దెకి సమానంగా ఇవే తేలిన సందర్భాలున్నాయి. గుడిలో పెళ్ళి ఇప్పుడు ఎవరూ చిన్నచూపు చూడటం లేదు. విజయనగరం దగ్గర రామతీర్థం, విశాఖలో సింహాచలం, దూరమైనా సరే అన్నవరం, మన వైపు వాళ్ళు పెళ్ళికి వెళ్ళే గుళ్ళే. తిరుమలలో 2016 నుంచి కల్యాణ వేదిక దగ్గర టీటీడీ ఉచితంగా పెళ్ళిళ్ళు చేయిస్తోంది. పురోహితుడు, మంగళవాద్యం, పసుపు కుంకుమలు వాళ్ళవే. వధువుకి 18, వరుడికి 21 నిండి ఉండాలి, తల్లిదండ్రులు వెంట ఉండాలి. ఇచ్ఛాపురం నుంచి అంత దూరం ప్రయాణం ఖర్చే అయినా, వెళ్ళేది ఇరవై మందే కాబట్టి మొత్తం లెక్క తేలికగానే ఉంటుంది. తిరిగొచ్చాక ఊళ్ళో ఒక పూట భోజనం పెడితే పిలవలేదన్న మాట కూడా రాదు. ఎక్కడ చేసినా రిజిస్ట్రేషన్ చేయించడం మరవకూడదు. దాని ఖర్చు కొద్దే.

డీజే, డ్రోను, పెళ్ళికి ముందు బీచ్‌లో తీసే వీడియో గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. డబ్బు లేనప్పుడు ఇవి మొదట పోవలసినవి. డీజేకి రాత్రి పది దాటితే చట్టం కూడా ఒప్పుకోదు. సన్నాయి మేళం మాత్రం ఉంచుకోవాలి. 1919 నుంచి సంగీత కళాశాల నడుస్తున్న విజయనగరం ఉన్న ప్రాంతంలో నాదస్వరం చేతపట్టినవాళ్ళు ఇంకా ఉన్నారు. నలుగురు కళాకారులకి ఇచ్చే డబ్బు సౌండు బాక్సుల అద్దె కన్నా తక్కువే అవుతుంది, అది మనవాళ్ళ ఇళ్ళకే చేరుతుంది. చీరల దగ్గర సోంపేట, ఇచ్ఛాపురం వాళ్ళకి బరంపురం పట్టు అందుబాటులో ఉంది. పెళ్ళికి కట్టే ఒక్క చీర మీద మనసు పెట్టి, బంధువులకి పెట్టే బట్టలు మామూలువి తీసుకోవచ్చు. ఆ బట్టల్లో సగం ఎవరి ఒంటికీ చేరకుండా ఇంకో పెళ్ళికి వెళ్ళిపోతాయని అందరికీ తెలుసు. రెండు వైపులా బట్టలు పెట్టుకోవడం మానేద్దామని మాటల నాడే అనుకుంటే ఇంకా మేలు. సారెలో ఇత్తడి బిందెలు, పళ్ళేలు పెట్టాలనుకునేవాళ్ళకి ఇత్తడి పనికి పేరున్న శ్రీకాకుళం జిల్లా బూడితి ఉండనే ఉంది. సారె కోసం చేసిన ఇత్తడి తరాలు నిలుస్తుంది, కాబట్టి అక్కడ పెట్టిన డబ్బు వృథా అనలేం.

పెళ్ళి చీటీలో ఎవరూ రాయని ఖర్చు ఒకటి మిగిలింది, మొదటి ఏడాది. ఆషాఢానికి అమ్మాయిని తీసుకురావాలి, మళ్ళీ సారెతో పంపాలి. అరిసెలు, లడ్లు, మినప సున్నుండలు వందల లెక్కన చేయించాలి, అవి అత్తింటి ఊరంతా పంచాలి. శ్రావణం నోములు, దీపావళి, ఆపైన కొత్త అల్లుడితో మొదటి సంక్రాంతి. విజయనగరం వైపు అయితే దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవానికి వియ్యాలవారు బంధువులతో దిగుతారు. ఒక్కొక్కటి పది, పదిహేను వేలు దాటకపోయినా ఏడాది తిరిగేసరికి అన్నీ కలిసి యాభై వేల పైన తేలతాయి, అవి సరిగ్గా పెళ్ళి అప్పుకి వడ్డీ కట్టే నెలల్లోనే వస్తాయి. అయిదు లక్షల్లో పెళ్ళి చెయ్యాలనుకున్న ఇల్లు నాలుగున్నరకే పెళ్ళి లెక్క ముగించాలి. మిగిలిన యాభై వేలు ఈ సారెలకీ పండగలకీ పోస్టాఫీసులో ఉంచాలి. సారె ఇంటి వరకే పెడదామా, ఊరంతా పంచుదామా అన్నది కూడా తాంబూలాల నాడే ఇరువైపుల అమ్మలూ మాట్లాడుకోవచ్చు.